పక్కూరి సన్నాయి: ఇంగ్లిష్ పాఠం నుంచి పెళ్లి పందిరి దాకా

పాఠం వెనక పాఠం: తల్లిదండ్రుల పేజీ



ఈ నెల ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు ఈ మధ్య వెళ్లిన పెళ్లిలో డీజే ఏ పాటలు పెట్టాడో అడిగితే మీ పిల్లలు వరసగా చెప్పేస్తారు. సన్నాయి మేళం ఏం వాయించిందో అడిగి చూడండి. మా ఇంట్లో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. రెండేళ్ల కిందట మా అక్క పెళ్లికి మేళం పెట్టుకున్నాం. తాళి కట్టే వేళ గట్టిమేళం మాత్రం వినపడింది. మిగతా నాలుగు గంటలూ వాళ్లు పందిరి మూలన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని వాయిస్తూనే ఉన్నారు, మేము సౌండ్ బాక్సులు తగ్గించలేదు. భోజనాలయ్యాక డబ్బులిచ్చి పంపించాం. అందులో లోటు ఉందని ఆ రోజు నాకు తోచలేదు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న తర్వాత తోచింది.

పాఠంలో ఉన్నది, లేనిది

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం ‘బీహైవ్’లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అనే పాఠం ఉంది. అందులో రెండు భాగాలు. మొదటిది చెవులు వినపడకపోయినా తాళవాయిద్యాల్లో ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చుకున్న స్కాట్లాండ్ కళాకారిణి ఎవెలిన్ గ్లెనీ గురించి. రెండోది షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ గురించి. ఆయన 1916లో బీహార్‌లోని డుమ్రావ్‌లో పుట్టారు. కాశీలో గంగ ఒడ్డున సాధన చేశారు. 1947 ఆగస్టు 15న ఎర్రకోటలో షెహనాయి వాయించారు. 2001లో భారతరత్న అందుకున్నారు.

షెహనాయికి ఆ పేరు ఎలా వచ్చిందో కూడా పాఠం ఒక కథ చెబుతుంది. ఔరంగజేబుకు పుంగీ కీచుగొంతు నచ్చక కోటలో దాన్ని నిషేధించాడట. ఒక క్షురకుడు దానికంటే పొడుగూ వెడల్పూ ఉన్న బోలు గొట్టానికి రంధ్రాలు చేసి, పాదుషా గదిలో మెత్తగా వాయించి మెప్పించాడట. షా గదిలో ‘నాయీ’ వాయించాడు కాబట్టి షెహనాయి అయిందని కథ. ఇది చరిత్ర అనేకంటే చెప్పుకునే కథ అనడమే న్యాయం. పిల్లలకు అలాగే చెప్పాను.

ఈ పాఠాన్ని నేను మూడేళ్లుగా చెబుతున్నాను. కొత్త మాటలు, ప్రశ్నలు జవాబులు, ఐదు మార్కుల ప్రశ్న, వర్క్‌షీట్. ఈసారి పీరియడ్ అయిపోయాక ఒక అబ్బాయి స్టాఫ్ రూమ్ తలుపు దగ్గర ఆగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: “మేడమ్, షెహనాయి, మా తాతయ్య వాయించే సన్నాయి ఒకటేనా?”

వాళ్ల తాతగారు సన్నాయి విద్వాంసులని నాకు అప్పటిదాకా తెలియదు. వాడి స్నేహితులకూ తెలియదు. అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట ‘వ్యాపారం’ అని ఉంది. (వాళ్ల ఇంట్లో అడిగే ఇది రాస్తున్నాను. పేరు రాయను.)

ఒకటేనా?

వాడికి ఇచ్చిన జవాబు మీకూ చెబుతాను. రెండూ ఒకటి కాదు, కానీ ఒకే ఇంటివి. ఈ కుటుంబం చాలా పెద్దది. ఉత్తరాదిలో షెహనాయి, దక్షిణాదిలో నాదస్వరం, టర్కీలో జుర్నా, పాతకాలపు యూరప్‌లో షామ్. ఆ షామ్ నుంచే ఇవాళ్టి ఆర్కెస్ట్రాల్లో కనిపించే ఓబో వచ్చింది. వీటన్నిటికీ పోలిక నోటి దగ్గర ఉంటుంది. ఒకదానిమీద ఒకటి ఆనిన రెండు పలుచని గడ్డి పలకలు, అంటే పీక. ఊదినప్పుడు ఆ రెండూ అదిరి ధ్వని పుడుతుంది. ఇంగ్లిష్‌లో దాన్ని రీడ్ అంటారు. చదవడం అనే రీడ్‌తో ఉచ్చారణ ఒకటే, స్పెల్లింగ్ వేరు. డిక్టేషన్‌లో పిల్లలు తప్పు రాసే మాటల్లో ఇదొకటి.

నాదస్వరాన్ని నాగస్వరం అని కూడా అంటారు. మన ఊళ్లలో అందరికీ అలవాటైన పేరు సన్నాయి. నాదస్వరం షెహనాయి కంటే చాలా పొడుగు, గొంతు ఇంకా పెద్దది. పైన ఏడు రంధ్రాల మీద వేళ్లు ఆడతాయి. కింది భాగంలో వేళ్లు పెట్టని రంధ్రాలు మరికొన్ని ఉంటాయి. వాటిని మైనంతో మూసి శ్రుతి సర్దుకుంటారు. ఓబోకు, క్లారినెట్‌కు ఉన్నట్టు లోహపు మీటలు ఒక్కటీ ఉండవు. రెండు స్వరాల మధ్య జారే గమకాలన్నీ వేలిని సగం ఎత్తడం, పెదవి బిగింపు, ఊపిరి అదుపు, ఈ మూడింటితోనే పలికించాలి. అందుకే ఈ వాయిద్యం చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

నాదస్వరం చేసే కర్రను తమిళంలో ఆచా అంటారు. అది మన రాయలసీమ మెట్ట అడవుల్లో పెరిగే నారయేపి చెట్టే. తంజావూరు సీమలోని నరసింగంపేట ఈ పనికి పేరుపొందిన ఊరు. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పచ్చి కర్ర పనికిరాదు. ఏళ్ల తరబడి ఆరి గట్టిపడింది కావాలి. అందుకే పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే దూలాల కోసం పనివాళ్లు వెతుకుతారు. ఒక ఇంటి కప్పును మోసిన కర్ర తర్వాత సన్నాయిగా పలుకుతుందన్న మాట పిల్లలకు బాగా నచ్చింది.

కరవది, చిలకలూరిపేట, శ్రీరంగం

కాశీలో విశ్వనాథుడి ముంగిట ఒక ముస్లిం విద్వాంసుడు షెహనాయి వాయించాడని పాఠంలో చదివి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం కోసం కాశీ దాకా వెళ్లక్కర్లేదు. మనకు నర్సరావుపేట మీదుగా ఒక బస్సు ప్రయాణం దూరంలో చిలకలూరిపేట ఉంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాదస్వరాన్ని తరతరాలుగా మోసిన వాళ్లలో నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఉన్నాయి, ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. గుడిలో మేలుకొలుపు నుంచి పవళింపు సేవ దాకా, ఊళ్లో పెళ్లి నుంచి దేవుడి ఊరేగింపు దాకా వాళ్ల సన్నాయి లేనిదే పని జరిగేది కాదు. ఒంగోలు పక్కన కరవది అనే ఊళ్లో అలాంటి ముస్లిం కుటుంబంలోనే 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. మొదటి పాఠాలు తండ్రి కాశిం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు. ‘చిలకలూరిపేట బాణీ’ అని సంగీతం తెలిసినవాళ్లు చెప్పుకునే పద్ధతి అది.

అక్కడితో ఆగి ఉంటే ఆయన మన జిల్లాల్లో పెద్ద విద్వాంసుడిగా ఉండిపోయేవారు. కానీ ఆయనకు తంజావూరు బాణీ మీద మనసు పడింది. అప్పటికే వాయిద్యం చేతికి వచ్చిన మనిషి, మళ్లీ విద్యార్థిగా మారి నాచ్చియార్‌కోయిల్‌లో రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకున్నారు. 1964లో శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. రంగనాథుడి కోవెల నీడలో ఇల్లు, సాధన, శిష్యులు. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో అంతకంటే పెద్ద గౌరవం లేదని చెప్పుకుంటారు. మరుసటి ఏడాది, 1999లో ఆయన కన్నుమూశారు. ఆ విద్య మనవలు కాశిం, బాబు చేతుల్లో కొనసాగింది.

ఆయన శిష్యుల్లో భార్యాభర్తలు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడవాళ్లు అరుదుగా పట్టే వాయిద్యం ఇది. అందుకే మా అమ్మాయిలు కాలీషాబీగారి పేరు నోట్‌బుక్‌లో రాసుకున్నారు. భద్రాచలం రాముడి కోవెలలో ఆస్థాన విద్వాంసుడిగా ఉన్న గోసవీడు షేక్ హసన్‌గారికి మరణానంతరం 2022లో పద్మశ్రీ వచ్చింది.

మూడేళ్లుగా బిస్మిల్లా ఖాన్ పాఠం చెప్పిన నేను వీళ్లలో ఒక్కరి పేరు కూడా తరగతిలో ఎత్తలేదు. పాఠంలో లేదు కాబట్టి. పరీక్షలో రాదు కాబట్టి.

నలుగురు కలిస్తే మేళం

ఆ అబ్బాయి ప్రశ్న వచ్చిన వారంలోనే తరగతిలో ఒక కొత్త మాట వచ్చింది: ఆన్‌సాంబుల్. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట, ‘కలిసి’ అని అర్థం. ఛాంబర్ అంటే గది. యూరప్‌లో రాజుల, జమీందార్ల మేడల్లో ఒక గదిలో పట్టేంత కొద్దిమంది కూర్చుని వాయించే సంగీతాన్ని ఛాంబర్ మ్యూజిక్ అన్నారు. ముగ్గురో, నలుగురో, ఎనిమిది మందో ఉంటారు. ఒక్కొక్కరిది ఒక్కో వంతు. ముందు నిలబడి కర్ర ఊపే కండక్టర్ ఉండడు. ఒకరి కళ్లు ఒకరు చూసుకుంటూ, ఒకరి ఊపిరి ఒకరు వింటూ నడిపించుకోవాలి.

ఇది వివరించి, “ఇలాంటిది మన దగ్గర ఏముంది?” అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక అమ్మాయి “సన్నాయి మేళం మేడమ్” అంది. సరిగ్గా చెప్పింది. మేళంలో ఎవరి పని ఏమిటో చూడండి.

సన్నాయి: పాట నడిపించేది. సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఒకరు ముందు నడిస్తే రెండోవారు అందుకుంటారు, మొదటివారు ఊపిరి తీసుకునే చోట పాట తెగకుండా పట్టుకుంటారు.

డోలు: పనస చెక్కను తొలిచి, రెండు వైపులా తోలు బిగిస్తారు. ఒకవైపు పుల్లతో, రెండోవైపు చేతితో వాయిస్తారు. ఆ చేతి వేళ్లకు గట్టి తొడుగులు ఉంటాయి. పెళ్లిలో దగ్గరికి వెళ్లి చూస్తే ఆ తొడుగులు కనిపిస్తాయి.

శ్రుతి: ఆగకుండా ఒకే ఆధార స్వరం పట్టి ఉంచడం. పూర్వం దీనికి వేళ్ల రంధ్రాలు లేని ‘ఒత్తు’ అనే గొట్టం ఊదేవారు. ఊపిరి ఎక్కడా తెగకూడదు. ఇప్పుడు చాలాచోట్ల శ్రుతిపెట్టె ఆ పని చేస్తోంది. ఇంగ్లిష్‌లో ఈ ఆధార స్వరాన్ని డ్రోన్ అంటారు. తరగతిలో ఈ మాట చెప్పగానే సగం మంది మిర్చి చేలో మందు కొట్టే డ్రోన్ అనుకున్నారు. ఆగకుండా వచ్చే ఆ రొదను బట్టే దానికీ ఈ పేరు సరిపోయింది కదా అని చెప్పాక నవ్వారు. ఇక ఎవరూ మర్చిపోరు.

తాళం: చిన్న కంచు తాళాలు. చూడటానికి తేలిక పని. అది తప్పితే నలుగురూ తప్పుతారు.

పాత వాయిద్యం ఎందుకు?

యూరప్‌లో ఒక ఆసక్తికరమైన సంగతి జరిగింది. అక్కడ 17, 18 శతాబ్దాల సంగీతాన్ని తర్వాత వచ్చిన కొత్త వాయిద్యాల మీద వాయించడం అలవాటైపోయింది. వయొలిన్‌కు పేగు తంతుల బదులు లోహపు తంతులు వచ్చాయి. రెండు మూడు మీటలున్న ఓబోకు బోలెడు మీటలు వచ్చాయి. మొత్తం శ్రుతి కూడా పైకి పోయింది. అప్పుడు కొందరికి అనుమానం కలిగింది: ఆ సంగీతం రాసినవాళ్లు విన్న ధ్వని ఇదేనా?

వియన్నాలో చెల్లో వాద్యకారుడు నికోలస్ హార్నన్‌కోర్, ఆయన భార్య ఆలిస్, కొందరు మిత్రులు కలిసి 1953లో ‘కాన్సెంటస్ మ్యూజికస్’ అనే బృందం పెట్టుకున్నారు. పాత వాయిద్యాలు వెతికారు, పాత పుస్తకాలు చదివారు, వాటిని ఎలా పట్టుకోవాలో మొదటినుంచి నేర్చుకున్నారు. నాలుగేళ్ల సాధన తర్వాత 1957లో గానీ జనం ముందు తొలి కచేరీ చేయలేదు. ఇవాళ లోకమంతా శ్రుతికి 440 హెర్ట్జ్ ప్రమాణంగా పెట్టుకుంటుంది. ఇలాంటి బృందాలు చాలాసార్లు 415 పెట్టుకుంటాయి. అంటే దాదాపు అర స్వరం కిందికి. వాళ్ల రికార్డింగ్, మామూలు రికార్డింగ్ ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే తేడా పిల్లలే చెప్పారు: “ఇది మెత్తగా ఉంది మేడమ్.”

మన నాదస్వరంలోనూ ఇలాంటి మార్పే ఒకటి జరిగింది. పాతది తిమిరి. పొట్టిగా ఉంటుంది, గొంతు కీచుగా, పదునుగా ఉంటుంది. మైకులు లేని రోజుల్లో ఊరేగింపు ఏ వీధిలో ఉందో ఊరంతటికీ తెలియాలంటే అలాంటి గొంతే కావాలి. తర్వాత వచ్చింది బారి. రెండున్నర అడుగులకు పైనే ఉంటుంది, గొంతు లోతు. తమిళనాట తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) కోసం నరసింగంపేట శిల్పి రంగనాథన్ ఆచారి దీన్ని తీర్చిదిద్దారు. కచేరీ సభల్లో కూర్చుని గంటల తరబడి రాగం విస్తరించడానికి అది అనువుగా ఉంది. వీధిలో పుట్టిన గొంతు అలా సభలోకి వచ్చింది.

ఇక్కడ పిల్లలకు చెప్పిన తేడా ఒకటి ఉంది. యూరప్ వాళ్లకు ఆ పాత విద్య మధ్యలో తెగిపోయింది. మ్యూజియం అద్దాల వెనక నుంచి, పాత బొమ్మల నుంచి, పుస్తకాల నుంచి దాన్ని మళ్లీ కూడదీసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర తాత చేతిలోంచి మనవడి చేతిలోకి ఇంకా నడుస్తోంది. దాన్ని తిరిగి సంపాదించే శ్రమ మనకు లేదు. పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

వేపచెట్టు కింద ఒక శనివారం

ఇంత చెప్పాక వినిపించకపోతే ఎలా? ప్రిన్సిపల్‌గారి అనుమతి తీసుకుని, ఆ అబ్బాయి తాతగారిని ఒక శనివారం పిలిచాం. ముందు ఆ అబ్బాయినే అడిగాను, ఇష్టమేనా అని. రెండు రోజులు జవాబు చెప్పలేదు. మూడో రోజు “రమ్మనండి మేడమ్” అన్నాడు.

తాతగారు మరో ముగ్గురితో వచ్చారు. తెల్ల పంచె, భుజం మీద కండువా. డిజిటల్ క్లాస్‌రూమ్‌లో కుర్చీలు వేసి సిద్ధం చేశాం. ఆయన గది చుట్టూ ఒకసారి చూసి, “ఇది గదిలో వాయించేది కాదమ్మా, పిల్లల చెవులు పట్టవు. అదుగో ఆ చెట్టు కింద కూర్చుందాం” అన్నారు. ఛాంబర్ మ్యూజిక్ అని బోర్డు మీద రాసిన నేను ఆ మాట విని నవ్వుకున్నాను. గ్రౌండ్ పక్కన వేపచెట్టు కింద జంపఖానా పరిచాం.

సన్నాయికి దారాలతో వేలాడే విడి పీకలు, వాటిని సరిచేసే సన్నని సూది పిల్లలు దగ్గరికొచ్చి చూశారు. ఆయన ఒక పీకను పెదవుల మధ్య తడిపి, వాయిద్యానికి బిగించకుండా ముందు దాన్నొక్కదాన్నే పలికించారు. ‘పీ’ మని అరిచింది. అందరూ నవ్వారు. దాన్నే సన్నాయికి బిగించి ఊదితే ఎవరూ నవ్వలేదు.

“టైమెంతయింది?” అని అడిగారు. పది. “అయితే బిలహరి” అన్నారు. ఉదయం పూట పాడే రాగం అది. ముందు శ్రుతి మొదలైంది, తర్వాత రాగం, ఆ తర్వాత డోలు అందుకుంది. దేవుడు ఊరేగింపుకు బయల్దేరేటప్పుడు వాయించే మల్లారి వినిపించారు. గంభీరనాట రాగంలో ఉంటుంది, పాట మాటలు ఉండవు. పిల్లల చేత చేతులతో తాళం వేయించారు. మొదటి ఆవృతంలో యాభై మంది ఉన్నారు, మూడోదానికి పది మంది మిగిలారు, మిగతావాళ్లు తప్పిపోయారు. ఒకడు లేచి సినిమా పాట అడిగాడు. నేను కంగారుపడ్డాను. ఆయన ఏమీ అనుకోకుండా అది వాయించి, “ఇది కూడా ఫలానా రాగంలోంచి వచ్చిందే నాన్నా” అని ఆ రాగం వాయించి చూపించారు.

చివర్లో మనవడి వైపు తిరిగి, “ఒరేయ్, నువ్వూ పట్టు” అన్నారు. వాడు కదల్లేదు. ఎనిమిదో తరగతిలో సాధన మానేశాడని అప్పుడు తెలిసింది. స్టడీ అవర్స్, ట్యూషన్, పదో తరగతి దగ్గరపడుతోంది. పైగా స్నేహితులు ఏమనుకుంటారోనని. తాతగారు బతిమాలలేదు, కోప్పడలేదు. సన్నాయి వాడి ఒళ్లో పెట్టి ఊరుకున్నారు. కాసేపటికి వాడు సరళీ వరసలు వాయించాడు. స రి గ మ, మాయామాళవగౌళ. సంగీతం నేర్చుకునే ప్రతి ఒక్కరూ మొదలుపెట్టే పాఠం. రెండు చోట్ల పీక పలకలేదు. డోలు ఆయన మాత్రం ఆగకుండా వాడికోసం నెమ్మదిగా వాయిస్తూనే ఉన్నాడు. మేళం అంటే ఏమిటో నేను బోర్డు మీద రాసినదానికంటే అది బాగా అర్థమయింది.

మా తరగతికి ఆ తర్వాత సన్నాయి ఒక ఎగతాళి మాటగా మిగల్లేదు. అంతకుమించి అద్భుతాలేమీ జరగలేదు. సంగీతం నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని మీకు చెప్పను. ఆ అబ్బాయికి ఇప్పుడు పొద్దున అరగంట సాధన ఉంది. పరీక్షల ముందు మానేస్తాడు. వాళ్ల నాన్నగారు నాతో అన్నమాట: “నేను మానేశాను మేడమ్. మా నాన్నతో పోతుందనుకున్నాం.” ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. మేళం మీద ఇల్లు గడవడం కష్టమని నాకూ తెలుసు. కానీ నేర్చుకోవడానికీ, బతుకుతెరువుగా పెట్టుకోవడానికీ మధ్య చాలా చోటు ఉంది. ఆ చోట్లో ఒక పిల్లవాడికి అరగంట దొరికింది.

ఇంట్లో చేసి చూడండి

తొమ్మిదో తరగతి సైన్స్‌లో ‘ధ్వని’ పాఠం చదివిన పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. చిన్నపిల్లలైతే కత్తెర పెద్దవాళ్లే పట్టండి.

1. మెత్తటి ప్లాస్టిక్ స్ట్రా ఒకటి తీసుకోండి. ఒక చివర రెండు సెంటీమీటర్లు గోటితో నొక్కి చదును చేయండి. ఆ చివర రెండు మూలలూ ఏటవాలుగా కత్తిరించి మొన తేల్చండి. ఇదే జంట పీక.

2. మొనను పెదవుల లోపలికి తీసుకుని, పళ్లు తగలకుండా, గట్టిగా ఊదండి. మొదటిసారి పలకకపోతే ఇంకొంచెం నొక్కి చూడండి. బాతు అరిచినట్టు వస్తుంది.

3. ఊదుతూ ఉండగా రెండో చివర నుంచి కొంచెం కొంచెం కత్తిరించండి. గొట్టం పొట్టి అవుతున్నకొద్దీ గొంతు కీచు అవుతుంది. తిమిరి ఎందుకు కీచుగా పలుకుతుందో, బారి ఎందుకు లోతుగా పలుకుతుందో ఇప్పుడు పిల్లలే చెబుతారు.

మీ ఇంటి పెద్దవాళ్లను కొబ్బరాకు బూర చేయడం వచ్చా అని అడగండి. ఆకు చుట్టి, సన్నని చివర చిన్న ఆకుముక్క మడిచి దూర్చేవాళ్లు. అదీ జంట పీకే. మా నానమ్మ చేసిన బూర స్ట్రా కంటే బాగా పలికింది.

పిల్లల్ని అడగండి

పెళ్లిలో మేళం వాయించేటప్పుడు పాట నడిపించేది ఎవరు, ఎవరు అనుసరిస్తున్నారు?
శ్రుతి ఒక్క నిమిషం ఆగిపోతే ఏమవుతుంది?
బిస్మిల్లా ఖాన్ జీవితానికీ, షేక్ చినమౌలానా జీవితానికీ పోలికలు మూడు, తేడాలు మూడు చెప్పు. ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాస్తే నా దగ్గరికి పంపండి, దిద్ది ఇస్తాను.

మీకొక మనవి

మాఘం, ఫాల్గుణం వస్తే మన వినుకొండలో పెళ్లి పందిళ్లు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. ఏదో ఒకచోట మేళం మీ ముందుకు వస్తుంది. డీజే పెట్టవద్దని నేను అనను. మా ఇంట్లోనూ పిల్లలు ఊరుకోరు. ఒక్క ఇరవై నిమిషాలు సౌండ్ బాక్సులు కట్టేసి, కుర్చీలు మేళం వైపు తిప్పించండి. వాయించేవాళ్లను “ఇప్పుడు వాయించింది ఏ రాగమండీ?” అని పిల్లల చేత అడిగించండి. ఆ ప్రశ్న వాళ్లను అడిగి ఎన్నాళ్లయిందో వాళ్ల ముఖంలోనే తెలుస్తుంది. సీతమ్మ వార్త రాముడు విన్నది ఇక్కడేనని, అందుకే ఈ కొండ వినుకొండ అయిందని మన పెద్దలు చెబుతారు. వినడం ఈ ఊరి పేరులోనే ఉంది.

మా అక్క పెళ్లి వీడియో మొన్న మళ్లీ పెట్టి చూశాను, మేళం ఏం వాయించిందో తెలుసుకుందామని. సన్నాయి కనిపిస్తోంది, వేళ్లు కదులుతున్నాయి. వినపడేది మాత్రం స్పీకర్లలో పాట.

పోయిన వారం తొమ్మిదో తరగతి వివరాల ఫారాలు మళ్లీ నింపించాం. ఆ అబ్బాయి నా బల్ల దగ్గరికి వచ్చి, తాతయ్య వృత్తి కూడా రాయొచ్చా అని అడిగాడు. ఆ గడి ఫారంలో లేదు. పక్కన ఖాళీలో రాసుకోమన్నాను. ‘మ్యుజీషియన్’ స్పెల్లింగ్ అడిగాడు. చెప్పాను.

మీ
ఇంగ్లిష్ టీచర్, 8, 9 తరగతులు
వినుకొండ బ్రాంచ్